పనివాని రోగము, యజమానుని పూచీ



జీతమునకు కుదిరిన మనుష్యుడు జ్వరపడి మూడు దినములు మంచమెక్కినచో, ఆ మూడు దినముల కూలి యెవరు భరింపవలెను? మన పల్లెలలో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పాలేరు పనికి రాని దినమును నాగాయని లెక్క వ్రాసికొని, సంవత్సరాంతమున ఆ నాగాలన్నియు పూడ్పించుకొను రైతులు కలరు. రోగము వచ్చినప్పుడు కషాయము కాచి పంపి, గింజలు కొలిపించి, లెక్కయే వ్రాయని రైతులును కలరు. ఈ రెండు తెఱగులవారును ఒకే వీధిలో కాపురముండుట నేనెఱుగుదును. మొదటివాడు కఠినుడు, రెండవవాడు ధర్మాత్ముడు అని చెప్పి ఊరకుండుట సులభము. కాని రోగియైన పనివాని సంరక్షణము యజమానుని గుణమునకు విడిచిపెట్టదగినదా, లేక అతడు మంచివాడైనను కాకున్నను తప్పించుకొన వీలులేని నియమముగా నుండదగినదా? ఈ వివాదము వయస్సు రెండు వేల యేండ్లకు తక్కువ కాదు. దాని చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

మొదట మన గ్రంథములను చూతము. కౌటిల్యుని యర్థశాస్త్రము చిరకాలము పేరునకు మాత్రమే వినబడుచు, 1905 వ సంవత్సరమున తాళపత్రముల కట్టగా మైసూరు ప్రాచ్య గ్రంథాలయమును చేరినది. అచ్చటి పండితులు ఆర్. శామశాస్త్రిగారు దానిని పరిష్కరించి 1909 లో అచ్చొత్తించిరి. కౌటిల్యుడు మెత్తని మనస్సువాడని యెవరును చెప్పరు. జీతము పుచ్చుకొని పని చేయని కూలివానికి 12 పణముల దండము విధించిన శాస్త్రకారుడతడు. అట్టివాడే ఆ ప్రకరణమునందే, రోగముచేత గాని ఆపదచేత గాని అశక్తుడైనవానికి ఒడంబడికనుండి సడలింపు కలదనియు, లేదా అతడు వేఱొకనిచేత ఆ పని చేయించి యీయవచ్చుననియు వ్రాసెను. మన యూళ్లలో బదులు మనిషిని పెట్టుటయను ఆచారమునకు ఈ మాట తాతవంటిది. జబ్బుపడుట నేరము కాదని యిందు ఒప్పుకొనబడినది. కాని జబ్బు దినముల కూలి మాట యెత్తబడలేదు. రాజోద్యోగుల విషయమున మాత్రము ఆయన చేయి కొంత విప్పెను. కొలువులో నుండగా మరణించినవారి భార్యాపుత్రులకు భోజనవేతనము లీయవలెననియు, వారి యింటి శిశువులను, వృద్ధులను, రోగులను కనిపెట్టవలెననియు, చావు, జబ్బు, పురుడు వచ్చినప్పుడు ధనముతో ఆదరింపవలెననియు రాజునకు చెప్పెను.

శుక్రనీతి యింతకంటె చాల దూరము పోయినది. ఈ గ్రంథమును చదువునప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. ఇంట పనిచేయు భృత్యునికి తన గృహకృత్యములకై పగలు ఒక జాము, రాత్రి మూడు జాములు విడువవలెనట. జాము మూడు గంటలు గదా. పగటిపూట మాత్రము పనిచేయువానికి అరజాము, అనగా గంటన్నర విరామము. సంవత్సరమునకు పదునైదు దినములు జీతముతో సెలవు. సంవత్సరాంతమున జీతములో ఎనిమిదవ పాలు పారితోషికము. ఇక రోగము సంగతి. అరపక్షము, అనగా ఒక వారము జబ్బుపడినవాని జీతములో కాసంతయు కోయరాదు. జబ్బు సాగినచో మూడు నెలలవఱకు ముప్పాతిక జీతము. దీర్ఘరోగియైనచో ఆఱు నెలలు, అటుపిమ్మట లేదు. మిక్కిలి గుణవంతుడైన భృత్యుడు రోగియైనచో అతనికి సగము జీతము ఎల్లప్పుడును కల్పింపవలెను. నలువది యేండ్లు సేవచేసినవానికి పని లేకయే సగము జీతము, అతని వెనుక కుటుంబమునకు కొంత భరణము. ఇవియన్నియు దానఫలశ్రుతిగా గాక, వడ్డీలెక్కవలె అంకెలతో వ్రాయబడినవి. అంకె యున్నచోట దయ కొఱకు చేయి చాపనక్కఱలేదు, అడిగి తీసికొనవచ్చును.

అయితే ఒక మాట దాచరాదు. ఈ గ్రంథమును గుస్తావ్ ఆపర్టు పండితుడు 1882 లో మదరాసున ప్రకటించెను. అందు తుపాకులును, తుపాకిమందును వర్ణింపబడియున్నవి. అందుచేత ఇది పూర్వ ఋషిప్రోక్తము కాదనియు, పందొమ్మిదవ శతాబ్దమునందే కూర్చబడినదనియు వాదించిన పండితులు కలరు. కొందఱు అంతకు పూర్వమనిరి. మన పూర్వులకు అన్నియు తెలియునని చెప్పుకొని మీసము దువ్వుటకు శుక్రనీతి తగిన సాక్షి కాదని నా యభిప్రాయము. ఎప్పటిదైనను, ఆ నియమములను వ్రాసినవాడు కొలువు బాధ నెఱిగినవాడు. కూలి తక్కువ యిచ్చు యజమానుడు తన శత్రువులను తానే తయారు చేసికొనుచున్నాడనియు, జీతమును, గౌరవమును, మెత్తని మాటయు దొరకినవాడు స్వామిని విడువడనియు అతడు చెప్పిన భావము కొలువు చేయనివానికి తట్టదు.

గ్రంథములందున్నదెల్ల లోకములో జరిగినదని చెప్పుటకు వీలులేదు గనుక శిలలను చూడవలెను. కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి కొండబండలమీద అశోకుని శాసనములు నేటికిని కానవచ్చును. దాసులయెడలను, భృత్యులయెడలను తగినరీతి వర్తించుట ధర్మమని ఆయన చెప్పించెను. మనుష్యులకును పశువులకును చికిత్స కల్పించితినని చెప్పించెను. కాని అవి హితబోధలు. వినని యజమానుని యేమి చేయవలెనో ఆ బండపై లేదు.

నాకు అంతకంటె విలువైనదిగా తోచు శాసనము తమిళదేశమున నున్నది. పాలారు, చెయ్యారు, వేగవతి యను మూడు నదులు కలియుచోట తిరుముక్కూడల్ అను క్షేత్రము కలదు. అచ్చటి వేంకటేశ పెరుమాళ్ల యాలయపు గోడమీద, పదునొకండవ శతాబ్దమున వీరరాజేంద్ర చోళుని కాలమున చెక్కిన దీర్ఘశాసనము ఒక వైద్యశాల లెక్కను మనకు చెప్పుచున్నది. ఆ వైద్యశాల పేరు వీరశోళన్. అందు మంచములు 15. ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చి మందులు వండుటకు ఇద్దఱు మనుష్యులు, రోగులకు మందిచ్చి ఉపచారము చేయుటకు ఇద్దఱు స్త్రీలు, ఒక మంగలి, నీరు మోయుటకు ఒకడు. వీరికి ఎవరికెంత యీయవలెనో వ్రాసినారు. నిలువ యుంచవలసిన మందుల పేర్లును వ్రాసినారు: వాసాహరీతకి, దశమూలహరీతకి, బిల్వాదిఘృతము మొదలైనవి. ఆయుర్వేదము నెఱిగిన పెద్దలకు ఈ పేర్లు చుట్టములవలె వినబడును. ఇంతయు ఎవరికొఱకు? ఆ యాలయమున చదువుకొను విద్యార్థుల కొఱకును, ఆలయమున కొలువుచేయు పనివారి కొఱకును. అనగా కొలువు పెట్టినవాడే కొలువువారికి కట్టిన వైద్యశాల యిది. జబ్బుపడిన పనివానికి ఒక మంచము, ఒక మందు, ఒక ఉపచారిక లెక్కలో పూర్వమే కేటాయింపబడియుండుట యెంత గొప్ప సంగతియో, అర్ధరాత్రి బండి కట్టుకొని వైద్యుని వెదకికొని పోయినవారు ఎఱుగుదురు.

మన గుంటూరు మండలమున మందడముకడ మల్కాపుర శాసనము (1261) రుద్రమదేవి కాలపు ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొనుచున్నది. అది మనకు గర్వకారణమే. కాని అది విశ్వేశ్వర శివాచార్యుల మఠమునకు సంబంధించిన ధర్మసంస్థ. దానిని యజమానుడు తన పనివారికి చేసిన ఏర్పాటుగా లెక్కింపరాదు. దానము వేఱు, పూచీ వేఱు.

పైగా రాజుకొలువు, గుడికొలువు దాటి ఈ యాదరణము ఎంతవఱకు పోయెను? పదునేడవ శతాబ్దమున కృష్ణాతీరమునందలి కొల్లూరు వజ్రపు గనులను చూచిన టావర్నియే యను ఫ్రెంచి వర్తకుడు, అచ్చట స్త్రీలు, బాలురతో కూడ 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. అచ్చట దొరకిన రత్నముల చరిత్ర తూకములతో సహా లోకమునకు తెలియును. ఆ అఱువది వేలమందిలో జబ్బుపడినవారి చరిత్ర యేదియు మనకు దొరకదు.

ఇక పశ్చిమదేశముల సంగతి త్వరగా చెప్పెదను. ఇటలీ దేశమున రామజ్జిని యను వైద్యుడు 1700 వ సంవత్సరమున వృత్తులవలన కలుగు రోగములను గూర్చి గ్రంథము ప్రకటించెను. రోగిని చూచినప్పుడు వైద్యులడుగు ప్రశ్నలకు తోడు, నీవు చేయు పని యేది యను ప్రశ్నను కూడ అడుగవలెనని ఆయన బోధించెను. చిన్న ప్రశ్నయే, కాని ఆ ప్రశ్నతో రోగమునకు కారణము రోగి యొడలిలోనే కాక, అతడు పనిచేయు కొట్టములో కూడ వెదకవలసిన దను జ్ఞానము కలిగెను.

తరువాత ఇంగ్లండులో నూలు మరలు వచ్చెను. వానితోబాటు అనాథబాలురను రాత్రింబవళ్లు పనిచేయించుట వచ్చెను. 1784 లో మాంచెస్టరు సమీపమున ఒక మిల్లు పిల్లలలో జ్వరము ప్రబలగా వైద్యులు విచారణ చేసిరి. 1802 లో పార్లమెంటు చట్టము చేసినది. ఆ చట్టము తెచ్చిన రాబర్టు పీలుగారు తామే మిల్లుల యజమానులు. మిల్లు గోడలకు ఏటికి రెండుసార్లు సున్నము కొట్టవలెను, గాలికి కిటికీలుండవలెను, బాలుర పని దినమునకు 12 గంటలు మించరాదు, ఒక పడకపై ఇద్దఱికంటె ఎక్కువమందిని పరుండబెట్టరాదు, అంటురోగము వచ్చినచో వైద్యుని పిలిపించు వ్యయము యజమానునిది. విన్నంతనే ఇంతమాత్రమునకు చట్టము కావలెనా యనిపించును. కావలసియే వచ్చినది. అంతేకాదు, తనిఖీ చేయువారికి జీతములు లేకపోవుటచే అది కాగితముమీదనే నిలిచినది. 1833 లో నలుగురు ఇన్స్పెక్టరులను ప్రభుత్వమే నియమించిన పిమ్మటగాని చట్టమునకు కాళ్లు రాలేదు.

ఆ కాలమునందే స్కాట్లండున న్యూ లానార్కు అను చోట రాబర్టు ఓవెన్ అను మిల్లు యజమానుడు వేఱొక త్రోవ త్రొక్కెను. 1800 లో ఆ మిల్లుల నిర్వహణము చేపట్టి, పదియేండ్ల లోపు పిల్లలను పనిలో చేర్చుట మాన్పించెను. పని గంటలు తగ్గించెను. రోగులకు నిధి యేర్పఱచెను. పిల్లలకు బడి పెట్టెను. 1806 లో అమెరికానుండి ప్రత్తి రాక మిల్లులు నాలుగు నెలలు ఆగగా, యంత్రములను శుభ్రముగా నుంచుడని చెప్పి పనివారికి పూర్తి జీతము లిచ్చెను. ఇందులకు 7,000 పౌనులు వ్యయమైనవట. ప్రాణము లేని యంత్రమును తుడిచి నూనె వేయు యజమానులు ప్రాణమున్న యంత్రమును ఏల ఉపేక్షింతురని ఆయన తోటి యజమానుల నడిగెను. మన రైతు కీ మాట బోధపడుటకు పుస్తకమక్కఱలేదు. దుక్కి లేని వేసవిలో ఎద్దునకు మేత తగ్గించిన రైతు తొలకరిలో ఏమగునో మీరే యెఱుగుదురు. అయితే ఎద్దుతో పనివానిని పోల్చుటలో ఒక లోపమున్నది. ఎద్దు తనకేమి కావలెనో చెప్పలేదు, మనుష్యుడు చెప్పగలడు.

అట్లు చెప్పినవారిలో మన దేశమున బొంబాయి మిల్లు కూలీలు ముఖ్యులు. 1854 లో కావస్జీ దావరు స్థాపించిన మిల్లుతో ఆ నగరమున ఈ పరిశ్రమ మొదలైనది. దీపములు లేని కాలమున తెల్లవారగానే మిల్లు తెఱచి, ప్రొద్దుగ్రుంకు వఱకు నడపెడివారు. వేసవిలో పగలు దీర్ఘము గనుక పనియు దీర్ఘము. ఆదివారమున సెలవని చెప్పి, యంత్రములు తుడుచుటకు సగము దినము రప్పించెడివారు. 1881 లో మొదటి ఫ్యాక్టరీ చట్టము వచ్చినది. ఏడేండ్లు నిండని శిశువులను పనిలో పెట్టరాదనియు, పండ్రెండేండ్ల లోపు పిల్లలచేత 9 గంటలకు మించి చేయింపరాదనియు మాత్రమే అది శాసించెను. పెద్దవారి పని గంటలను గూర్చి ఒక్క అక్షరము లేదు. ఈ చట్టమునకై లంకాషైరు మిల్లు యజమానులు మిక్కిలి పట్టుపట్టిరి. మన కూలీలమీద వారికి పుట్టిన ప్రేమకంటె, బొంబాయి చవుక బట్టమీద పుట్టిన భయమే యెక్కువయని నా నిశ్చయము. ఏ చెట్టుకు కాచినను పండు పండే.

నారాయణ మేఘాజీ లోఖండే యను మహారాష్ట్రుడు, జ్యోతిరావు ఫూలేగారి సహచరుడు, దీనబంధు పత్రికకు సంపాదకుడు, 1884 లో కూలీల సభ చేర్చెను. 5,500 మంది సంతకములతో ఒక మనవి తయారైనది. ఆ ఫూలేగారి సత్యశోధక సమాజమునకు బొంబాయిలో గుత్తపనులు చేయుచుండిన మన తెలుగు కామాటులు అండగా నిలిచిన సంగతి ఇచ్చట స్మరింపదగినది. ఆ మనవిలో ఏమి కోరిరో చూడుడు. వారమునకు ఒక దినము విశ్రాంతి. మధ్యాహ్నము అరగంట విరామము. ఉదయము ఆఱున్నరకు పని మొదలిడి సూర్యాస్తమయమునకు ఆపుట. నెల జీతము మఱుసటి నెల పదునైదవ తేదీ లోపల ఇచ్చుట. పనిలో గాయపడినవానికి కోలుకొనువఱకు పూర్తి జీతము, జీవితాంతము అంగహీనుడైనచో తగిన జీవనాధారము. శుక్రనీతిలో రాజభృత్యునికి అంకెలతో చెప్పిన వానిలో సగమైనను వీరు అడుగలేదు. అయినను ఆఱేండ్లు పట్టినది. 1890 ఏప్రిల్ 24 న పదివేలమంది కూలీలు సభ చేసిరి. ఆ సభలో ఇద్దఱు స్త్రీలు వేదికనెక్కి మాటలాడిరి. ఆ సంవత్సరము జూన్ 10 న మిల్లు యజమానుల సంఘము వారపు సెలవునకు అంగీకరించెను. మఱుసటి యేడు, 1891 లో, చట్టమును కూడ సవరించిరి. స్త్రీల పనికి 11 గంటల హద్దు పెట్టిరి. ఆదివారమున మనపిల్లలు బడికి పోకుండుట, గుమాస్తాలు కచ్చేరికి పోకుండుట సహజమనిపించును గాని, కూలివానికి ఆ దినము ఇట్లు సంపాదింపబడినది.

అందఱు యజమానులను ఒకే త్రాట కట్టుట న్యాయము కాదు. జంషెడ్జీ తాతాగారు 1877 జనవరి 1 న నాగపురమున ఎంప్రెస్ మిల్లు తెఱచిరి. ఆ దినముననే విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించుటచే దానికి ఆ పేరు పెట్టిరి. నూలు తెగకుండుటకు మిల్లులో తేమ కావలెను. ఉక్కకు కూలీలు సొమ్మసిల్లెడివారు. ఆయన గాలి వచ్చునట్లును, గాలిలో తేమ నిలుచునట్లును యంత్రసాధనములు పెట్టించెను. నిప్పు పుట్టినచో పైనుండి నీరు చిమ్ము గొట్టములు అమర్పించెను. 1886 లో పింఛను నిధియు, 1895 లో గాయపడినవారికి పరిహారమును ఏర్పడినవి. గాయపడినవారికి పరిహారమీయవలెనని మన దేశమున చట్టము వచ్చినది 1923 లో. అనగా ఒక యజమానుడు చట్టముకంటె 28 యేండ్లు ముందు నడచెను. ఆయన 1904 లో గతించిరి. వారి పేర వెలసిన జంషెడ్పూరు ఉక్కు కర్మాగారమున 1912 లో ఎనిమిది గంటల పనిదినము, 1915 లో ఉచిత వైద్యము, 1920 లో జీతముతో సెలవును భవిష్యనిధియు, 1928 లో ప్రసూతి సాహాయ్యము వచ్చినవి.

ఇంత చేసినచోట పనివారు సంతుష్టులై యుండవలెను గదా? 1920 లోను, 1928 లోను జంషెడ్పూరున పెద్ద సమ్మెలు జరిగినవి. దీనిని చూచి కృతఘ్నులని నిందించినవారు కలరు. నేను వారితో ఏకీభవింపను. ధరలు మండుచుండగా ఆసుపత్రి యున్నంతమాత్రమున కడుపు నిండదు. మఱియు, మేలు ఎంత గొప్పదైనను, అది యిచ్చువాని యిష్టమున వచ్చునదైనచో అతని యిష్టమున పోవునదియు నగును. పనివానికి మేలుతోబాటు, ఆ మేలును గూర్చి మాటాడు హక్కును కావలెను. ఖరగ్‌పురమున బెంగాల్ నాగపూర్ రైల్వే పనివారిని, వారిలో మన తెలుగువారు వేలకొలది, సంఘముగా కూర్చిన వరాహగిరి వేంకటగిరిగారు ఈ మర్మము నెఱిగినవారు. ఆయన తరువాత మదరాసులోను, ఢిల్లీలోను కార్మిక మంత్రియై, పిదప రాష్ట్రపతియైరి.

పూచీ పట్టువాడెవడో తెలియనిచోట ఏమగునో రంగము చరిత్ర చెప్పును. విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలములనుండి వేలాది తెలుగువారు ఓడలెక్కి రంగూను పోయిరి. కోరంగి రేవు పేరిట బర్మావారు మనవారిని కోరంగీలనిరి. ఓడలకు బియ్యము మోయుట, రిక్షాలు లాగుట, బియ్యపు మరలలో పనిచేయుట వారి వృత్తులు. ఓడ కంపెనీవారు సరుకు నెత్తించు గుత్తదారునకు పని నిత్తురు, అతడు మేస్త్రీకి, మేస్త్రీ బయానా యిచ్చి తెచ్చిన కూలీలకు. కూలి జబ్బుపడినచో కంపెనీ గుత్తదారుని చూపును, గుత్తదారు మేస్త్రీని చూపును, మేస్త్రీ బయానా లెక్క చూపును. ఒక్కొక గదిలో త్రొక్కిసలాటగా పరుండెడివారు. పగలు కొందఱు, రాత్రి కొందఱు ఒకే చాపపై. నా బాల్యమున మా యూర రంగము పోయివచ్చిన వృద్ధులు ఒకరిద్దఱుండిరి. కాలు వాచి పనికి రాని సహచరునికి తామే తలా ఒక అణా వేసికొని ఓడ టిక్కెట్టు కొని పంపితిమని వారిలో ఒకరు చెప్పగా వింటిని. కొలువు పెట్టినవాడెవడని నేనడుగగా, ఆ ముసలాయన నవ్వి, మేస్త్రీ పేరు తప్ప వేఱు పేరు మాకు తెలియదనెను. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మెనుండి పుట్టిన అల్లరులలో మనవారు పెక్కుమంది అచ్చట చంపబడిరి. గుత్తమీద గుత్త వేసి మనుష్యులను తెచ్చు పద్ధతి నేడును నగరములలో కట్టడములకడ కానవచ్చుచున్నది. రంగము కథ దూరపు కథ కాదు.

ఇక శుక్రనీతి యెచ్చట తెగినదో అచ్చట మరల ముడి వేయుదము. మూడు నెలల ముప్పాతిక జీతము రాజు ఈయగలడు, ఆయనకు బొక్కసమున్నది. అయిదెకరముల రైతునో, పదిమందితో మగ్గములు నడపు చిన్న యజమానునో అట్లే ఇమ్మనినచో అతడే రోగి యగును. అంతకంటె చెడుగు మఱొకటి. జబ్బు ఖర్చు ఒక్క యజమానునిమీదనే పడినచో, అతడు బలహీనులను, వృద్ధులను, గర్భిణులను పనిలో పెట్టుకొనుటయే మానును. ఈ చిక్కును విప్పుటకు 1943 లో బి. పి. అడార్కర్ గారిని ప్రభుత్వము నియమించెను. వారు 1944 లో తమ నివేదిక నిచ్చిరి. దానిమీదనే 1948 లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము, మనము ఈ.ఎస్.ఐ. అని పిలుచునది, పుట్టినది. 1952 ఫిబ్రవరి 24 న కాన్పూరున నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. యజమానులందఱును, పనివారందఱును తమతమ వంతు ఒకే నిధిలో వేయుదురు. ఎవనికి జబ్బు వచ్చినను ఆ నిధినుండి వైద్యమును, భృతియు లభించును. చీటికట్టిన పల్లెవారికి ఈ పద్ధతిని విప్పి చెప్పనక్కఱలేదు. భేదమేమన, ఈ చీటీని పాడుకొనువాడు రోగి మాత్రమే. 2019 జూలై నుండి నూఱు రూపాయల జీతమునకు యజమానుడు మూడు రూపాయల పావలా, పనివాడు ముప్పావలా చెల్లించు నియమమైనది. రోగభృతి జీతములో నూటికి 70 వంతున, సంవత్సరమునకు 91 దినముల వఱకు. శుక్రనీతి యంకెలను మరల తలచుకొనుడు: నూటికి 75 వంతున, మూడు నెలలు. ఈ రెండు లెక్కలు ఇంత దగ్గఱగా వచ్చుట చూచి, రోగి కుటుంబము ఎంతలో బ్రతుకగలదో లెక్క వేసిన యెవరైనను ఇంచుమించుగా ఈ చోటికే రాక తప్పదని తోచినది.

ఆ 1948 లోనే వచ్చిన ఫ్యాక్టరీల చట్టము కడుగుకొనుటకు నీటిని, 250 మందికి పైబడినచోట భోజనశాలను, స్త్రీలు పనిచేయుచోట చంటిబిడ్డలకు గదిని, అయిదు గంటల పనికి మించకుండ అరగంట విరామమును విధించెను. లోఖండే అడిగినదియు అట్టి అరగంటయే.

కాని చట్టపు గోడ మిల్లు గోడతోనే ఆగినది. రాజ్యబీమా చట్టము ఋతువునుబట్టి నడచు కర్మాగారములను విడిచిపెట్టెను: ప్రత్తి గింజ తీయు మిల్లులు, వేరుసెనగ పప్పు ఒలుచు మిల్లులు, చెఱకు ఆడించి పంచదార, బెల్లము చేయునవి. ఆదోని, గుంటూరు, అనకాపల్లి పరిసరములవారు ఈ పట్టికను విని తమ యూరి పేరు విన్నట్లే తలయూపుదురు. ప్రత్తి నుసి నాలుగు నెలలే పీల్చినను ఊపిరితిత్తులు ఋతువు నెఱుగవు. ఇక పొలము సంగతి చెప్పనే అక్కఱలేదు. ప్రత్తిచేనికి పురుగుమందు చల్లువాడు గాలికి ఎదురుగా నడువరాదనియు, ముక్కునకు గుడ్డయు చేతులకు తొడుగులును ఉండవలెననియు, చల్లిన పిదప సబ్బుతో స్నానము చేయకుండ అన్నము ముట్టరాదనియు మందుడబ్బామీద వ్రాసియే యుండును. ఆ వ్రాత చదువరాని కూలివానికి దానిని చదివి వినిపింపగలవాడు ఆ చేని గట్టుమీద ఒక్కడే యుండును; డబ్బా కొని తెచ్చిన రైతు. తొడుగుల జత వెల ఒక పూట కూలిలో కొంత భాగము. మా ప్రాంతమున కొందఱు రైతులు మందుతోబాటే వానిని కొని యింట నుంచుచున్నారు. పని ముగియగానే గట్టుమీద బిందెతో నీరును, సబ్బుబిళ్లను సిద్ధముగా పెట్టించుచున్నారు. ఆ దినమున కూలివానికి తల తిరిగినచో, మిగిలిన సగము దినమును నాగా వేయక, పూర్తి కూలి చేతిలో పెట్టి, ఆసుపత్రికి తామే మోటారుబండిమీద తీసికొనిపోయిన రైతును ఒకరిని నేనెఱుగుదును. డబ్బాను కూడ వెంట తీసికొనిపోయెను. ఏ మందు పడినదో తెలిసినగాని వైద్యుడు విఱుగుడు నిర్ణయింపలేడు.